మళ్ళీ పడవ ఎక్కినవాళ్ళు
(వేదవ్యాపక ఆదివారం సందర్భంగా విచారణ (పారిష్) హాలులో చేసిన ప్రసంగం)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, పల్లెల నుంచి వచ్చిన ఉపదేశులకు, యువతకు, ముందు వరుసల్లో కూర్చున్న పెద్దలకు నమస్కారం.

మనం వేదవ్యాపక ఆదివారం జరుపుకునే అక్టోబరు నెలలోనే, 19వ తేదీన, శ్రీసభ ఎనిమిదిమంది వేదసాక్షులను కలిపి స్మరించుకుంటుంది. ఉత్తర అమెరికా వేదసాక్షులు అని వాళ్ళకు పేరు. ఆరుగురు యేసు సభ (జెస్యూట్) గురువులు. ఇద్దరు వాళ్ళకు తోడుగా వెళ్ళిన సహాయకులు. అందరూ ఫ్రాన్సు దేశస్థులే. 1642 నుంచి 1649 లోపల, ఇప్పటి కెనడాలో కొందరు, ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో కొందరు ప్రాణాలు ఇచ్చారు. 1930 జూన్ 29న పదకొండో పయస్ పోపు గారు వాళ్ళను పునీతులుగా ప్రకటించారు.

వాళ్ళ పటాలు మీరు చూసే ఉంటారు. ఎక్కడ చూసినా గొడ్డలి, మంట, కట్టేసిన స్తంభం. పుస్తకాల్లో కూడా అంతే, చివరి రోజు గురించే ఎక్కువ పేజీలు. ఆ బాధలన్నీ నిజమే, తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ నేను వాళ్ళ జీవితాలు చదివినప్పుడల్లా నన్ను కదిలించేది ఆ చివరి రోజు కాదు. దానికి ముందు గడిచిన సంవత్సరాలు. పని సాగకపోయినా, భాష రాకపోయినా, తాము ప్రేమించి వచ్చిన మనుషులే తమను అనుమానిస్తున్నా అక్కడే ఉండిపోయారు చూడండి, ఆ ఉండిపోవడం. ఒకసారి ప్రాణాలతో బయటపడి ఇంటికి చేరినవాడు మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి పడవ ఎక్కాడు చూడండి, ఆ ఎక్కడం. ఈ రోజు దాని గురించే చెప్తాను.

ముందు ఆ చోటు సంగతి. టొరంటోలో ఉంటున్న పిల్లలు మన ఇళ్ళలో చాలామందికి ఉన్నారు. ఆ ఊరికి ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, హ్యూరన్ సరస్సులో భాగమైన జార్జియన్ బే ఒడ్డున, మిడ్‌ల్యాండ్ అనే చిన్న పట్టణం ఉంది. పదిహేడో శతాబ్దంలో ఆ ప్రాంతమంతా వెండాట్ అనే జనానిది. ఫ్రెంచివాళ్ళు వాళ్ళను హ్యూరన్లు అన్నారు. మొక్కజొన్న పండించుకునే రైతులు వాళ్ళు. చెట్టు బెరడు కప్పిన పొడవాటి ఇళ్ళలో, ఒక్కో ఇంట్లో అనేక కుటుంబాలు కలిసి బతికేవి. ఊళ్ళు, పెద్దల సభలు, చుట్టుపక్కల జాతులతో వ్యాపారం, అన్నీ పద్ధతిగా ఉన్న సమాజం.

ఫ్రెంచివాళ్ళ స్థావరం క్యుబెక్‌లో ఉండేది. అక్కడి నుంచి వెండాట్ల దేశానికి నదుల మీద 1,200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. బర్చ్ చెట్టు బెరడుతో చేసిన పల్చటి పడవలు. 1634లో ఫాదర్ జాన్ ద బ్రెబెఫ్ ఆ దారిన వెళ్ళి రాసిన ఉత్తరం ఉంది. నదిలో జలపాతాలు, బండలు అడ్డం వచ్చిన చోటల్లా దిగి, పడవనూ సామానునూ భుజాల మీద మోసుకుని అడవిలో నడవాలి. అలా ముప్పై అయిదుసార్లు మోశామని, ఇంకో యాభైసార్లయినా నీళ్ళలో దిగి పడవను లాగామని ఆయన లెక్క రాశారు. తిండి ఏమిటంటే రెండు రాళ్ళ మధ్య నలగ్గొట్టిన మొక్కజొన్న, నీళ్ళలో ఉడికించినది. ఉప్పు కూడా ఉండదు. ముప్పై రోజులు అదే.

బ్రెబెఫ్ గారు నార్మండీ ప్రాంతపు మనిషి. 1593లో పుట్టారు. ఆజానుబాహువు. 1625లో మొదటిసారి క్యుబెక్ వచ్చారు, మరుసటి ఏడు వెండాట్ల దగ్గరికి వెళ్ళారు. మూడేళ్ళు భాష నేర్చుకున్నారు. ఇంతలో 1629లో ఇంగ్లీషువాళ్ళు క్యుబెక్‌ను పట్టుకుని గురువులందరినీ ఫ్రాన్సుకు పంపేశారు. పంట మొదలవకముందే చేను పోయినట్టయింది. 1633లో దారి తెరుచుకోగానే ఆయన మళ్ళీ వచ్చారు. ఈ కథలో మళ్ళీ వెళ్ళినవాళ్ళలో ఆయన మొదటివారు.

ఆయన తన తర్వాత రాబోయే గురువుల కోసం 1637లో కొన్ని సూచనలు రాసిపెట్టారు. వేదవ్యాపకం గురించి ఇంతకంటే మంచి పాఠం నేను చదవలేదు. అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఉండవు. పడవలోకి ఎక్కేటప్పుడు మీ కోసం వాళ్ళను ఎప్పుడూ ఎదురుచూడనివ్వకండి అంటారు. అంగీ పైకి దోపుకోండి, నీళ్ళూ ఇసుకా పడవలోకి తేకండి అంటారు. చెప్పులు, మేజోళ్ళు లేకుండా వట్టి కాళ్ళతో ఎక్కండి. ఒక చెకుముకి రాయో, భూతద్దమో దగ్గర పెట్టుకోండి, వాళ్ళ చిలుము వెలిగించడానికి, సాయంత్రం నెగడు వేయడానికి పనికొస్తుంది. వాళ్ళు పెట్టింది తినండి, సగం ఉడికినా, శుభ్రంగా లేకపోయినా సరే. మీ టోపీ అంచు వెడల్పుగా ఉండి పక్కవాళ్ళకు అడ్డమైతే తీసేయండి. ఊరికే ప్రశ్నలు అడగకండి. దారిలో సామాను మోసే చోట మీ శక్తి కొద్దీ ఏదో ఒకటి, ఒక గిన్నె అయినా సరే, మోయండి. తెడ్డు పట్టుకుంటే చివరిదాకా వేయగలిగితేనే పట్టుకోండి, మధ్యలో ఆపేలా ఉంటే అసలు మొదలుపెట్టకండి. దారిలో మీ గురించి వాళ్ళకు ఏ అభిప్రాయం కలిగితే, ఊళ్ళోకి వెళ్ళాక కూడా అదే ఉంటుంది.

ఇంకోచోట ఇంకా కఠినంగా రాశారు. మీరు ఫ్రాన్సులో పెద్ద పండితులు కావచ్చు, వేదాంతం బోధించినవాళ్ళు కావచ్చు, ఇక్కడికి వస్తే మీరు బడికి కొత్తగా వచ్చిన పిల్లలు, మీకు పాఠం చెప్పేది ఆడవాళ్ళు, చిన్నపిల్లలు, మీ మాట విని వాళ్ళు నవ్వుతారు, దానికి సిద్ధపడి రండి అన్నారు. యూరప్ రాజ్యాలు తమంత గొప్పవాళ్ళు లేరనుకుంటున్న ఆ కాలంలో ఒక యూరప్ గురువు ఈ మాట రాశారు. దూరదేశం వెళ్ళి ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడినవాళ్ళు చాలామంది ఉంటారు. పసిపిల్లలు నవ్వుతుంటే తల వంచుకుని తప్పు దిద్దుకోవడానికి సిద్ధపడేవాళ్ళు అంత తేలిగ్గా దొరకరు.

ఆ భాష కష్టం ఎంతటిదో చెప్పడానికి ఒక్క విషయం చాలు. అందులో పెదవులు కలిపి పలికే ప, బ, మ లాంటి ధ్వనులు లేవు. మరియ తల్లి పేరు కూడా వాళ్ళ నోట వేరేగా వచ్చేది. గురువుల పేర్లు పలకలేక వాళ్ళే కొత్త పేర్లు పెట్టారు. బ్రెబెఫ్ గారు వాళ్ళకు ఎషోన్.

ఇక ఈ కథలో మనం దాటేయకూడని భాగం ఒకటి ఉంది. భక్తి కథల్లో చాలాసార్లు దాన్ని వదిలేస్తారు. వదిలేస్తే ఆ జనానికి అన్యాయం చేసినట్టే.

1634 నుంచి 1640 దాకా వెండాట్ల దేశంలో అంటురోగాలు వరసగా వచ్చాయి. చివరిది మశూచి. యూరప్ నుంచి వచ్చిన రోగాలు అవి, అక్కడి జనం ఒంట్లో వాటిని తట్టుకునే శక్తి లేదు. ఆరేళ్ళలో దాదాపు సగం జనం పోయారు. ప్రతి ఇంట్లో చావే. సూక్ష్మజీవుల సంగతి ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు, గురువులకూ తెలియదు. వెండాట్లు తమ కళ్ళతో చూసింది ఏమిటి? ఈ నల్ల అంగీలవాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్నారు. రోగం కూడా ఇంటింటికీ తిరుగుతోంది. చావు బతుకుల్లో ఉన్న పసిబిడ్డ నెత్తిన నీళ్ళు పోస్తున్నారు, ఆ బిడ్డ చనిపోతోంది. మనం ఆ తల్లి స్థానంలో ఉంటే ఏమనుకుంటాం? వాళ్ళు అనుమానించడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

గురువులు చేసింది ఏమిటంటే తిరగడం ఆపలేదు. తమకూ జ్వరం వచ్చింది, లేచాక మళ్ళీ తిరిగారు. వాళ్ళ దగ్గర మందులంటూ పెద్దగా లేవు. ఎండు ద్రాక్ష, కాస్త పంచదార కలిపిన నీళ్ళు, అవి పట్టుకుని వెళ్ళి రోగుల నోట్లో పోసేవారు. కొన్ని ఇళ్ళలో లోపలికి రానివ్వలేదు. కొన్నిచోట్ల గొడ్డలి చూపించారు. 1637లో పెద్దల సభ కూర్చుని వీళ్ళను చంపేయాలా అని ఆలోచించింది. అక్టోబరు 28న బ్రెబెఫ్ గారు క్యుబెక్‌లోని పై అధికారికి వీడ్కోలు ఉత్తరం రాశారు. ఆ తర్వాత ఏం చేశారో వినండి. వెండాట్ల ఆచారం ప్రకారం చావు దగ్గరపడిన మనిషి ఊరందరినీ పిలిచి చివరి విందు పెడతాడు. బ్రెబెఫ్ గారు ఆ విందు పెట్టారు! ఇల్లు నిండా జనం వచ్చారు. వాళ్ళ మధ్య కూర్చుని దేవుని గురించి, మరణం తర్వాతి జీవితం గురించి మాట్లాడారు. పారిపోలేదు, క్షమించమని వేడుకోలేదు, శపించలేదు. వాళ్ళ ఆచారంలోనే వాళ్ళకు అర్థమయ్యేలా తన మాట చెప్పారు. ఆ గండం అప్పటికి గడిచింది. ఆయన ఇంకో పదకొండేళ్ళకు పైగా బతికారు.

ఆ ఏడాదే, రోగాల మధ్యనే, ఒక వెండాట్ గృహస్థుడు జ్ఞానస్నానం తీసుకున్నాడు. పేరు జోసఫ్ చివతెన్వ. గురువులకు భాష నేర్పింది, ప్రార్థనలు ఆ భాషలో కుదిర్చింది, తన ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఎగతాళి భరించి బోధించింది ఆయనే. 1640 ఆగస్టులో పొలం పనిలో ఉండగా చంపేశారు. పునీతుల జాబితాలో ఆయన పేరు లేదు. ఇక్కడ కూర్చున్న ఉపదేశులు మాత్రం ఆ పేరు రాసుకోవాలి. అది మీ మనిషి పేరు.

ఇప్పుడు ఫాదర్ ఇసాక్ జోగ్ గారి దగ్గరికి వస్తాను. 1607లో ఓర్లియాన్ పట్టణంలో పుట్టారు. సన్నటి, సున్నితమైన మనిషి, సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాడు. 1636లో గురుపట్టం, అదే ఏడు కెనడా ప్రయాణం. 1642 ఆగస్టు 2న, క్యుబెక్ నుంచి సామాను తీసుకుని వెండాట్ల దేశానికి తిరిగి వెళ్తుండగా, మోహాక్ అనే మరో స్థానిక జాతి యోధులు దాడి చేశారు. వెండాట్లకూ మోహాక్‌లకూ అప్పటికే ఏళ్ళ తరబడి యుద్ధం. బీవర్ బొచ్చు వ్యాపారం, డచ్చివాళ్ళ తుపాకులు ఆ యుద్ధానికి ఆజ్యం పోశాయి. కాబట్టి ఇదంతా మతం కోసమే జరిగిందనుకోకండి.

దాడి జరిగినప్పుడు జోగ్ గారు రెల్లు పొదల్లో ఉన్నారు. ఎవరూ ఆయన్ను చూడలేదు. అక్కడే కదలకుండా ఉంటే తప్పించుకునేవారు. కానీ తన తోటివాడు రెనే గుపీల్ పట్టుబడ్డాడు, జ్ఞానస్నానం తీసుకున్న వెండాట్లు పట్టుబడ్డారు. వాళ్ళను వదిలి ఎలా వెళ్ళను అనుకుని ఆయనంతట ఆయనే బయటికి వచ్చి నిలబడ్డారు.

గుపీల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆయన వైద్యం తెలిసిన యువకుడు. యేసు సభలో చేరాలని వెళ్తే చెవుడు ఉందని, ఆరోగ్యం సరిగా లేదని ఇంటికి పంపేశారు. మఠంలోకి తీసుకోకపోతే పోయె, సేవకుడిగానైనా వస్తానని కెనడా వచ్చేశాడు. బందీగా నడుస్తున్న దారిలోనే జోగ్ గారి ఎదుట మఠవాస ప్రమాణాలు చేశాడు. ఒస్సెర్నెనోన్ అనే మోహాక్ గ్రామంలో ఒక పసివాడి నుదుటి మీద సిలువ గుర్తు వేశాడని 1642 సెప్టెంబరు 29న గొడ్డలితో చంపేశారు. మనం రోజుకు ఎన్నిసార్లు సిలువ గుర్తు వేసుకుంటాం!

జోగ్ గారి చేతివేళ్ళను ఛిద్రం చేశారు, ఎడమచేతి బొటనవేలు కోసేశారు. చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి అంతకంటే చెప్పను. పదమూడు నెలలు బానిసగా ఉన్నారు. ఆ ఊళ్ళో కూడా దయగల మనుషులు ఉన్నారు. ఒక మోహాక్ ముసలమ్మ ఆయన్ను ఇంట్లో పెట్టుకుని చూసుకుంది, ఆయన ఆమెను అత్త అని పిలుచుకునేవారు. అక్కడ ఉంటూనే చావు బతుకుల్లో ఉన్నవాళ్ళకు, తోటి బందీలకు జ్ఞానస్నానం ఇస్తూ వచ్చారు. చివరికి ఫోర్ట్ ఆరెంజ్‌లో ఉన్న డచ్చివాళ్ళు, ప్రొటెస్టెంట్లు వాళ్ళు, తప్పించుకుపోవడానికి ఓడ చూపించారు. వెంటనే ఒప్పుకున్నారా? ఒక రాత్రి గడువు అడిగారు. నేను వెళ్ళిపోతే ఇక్కడ ఉన్న బందీలకు ఎవరున్నారు అని ఆ రాత్రంతా ప్రార్థనలో గడిపారు. అప్పటికి తోటి బందీల్లో చాలామంది చనిపోయారు, తాను ఉన్నా చేయగలిగింది లేదని తేల్చుకున్నాకే బయలుదేరారు. మెగాపొలెన్సిస్ అనే డచ్చి పాస్టరు గారు ఆయనకు స్నేహితుడయ్యారు. మన సంఘాల మధ్య అప్పుడప్పుడూ మాటలు పెరిగే రోజుల్లో ఇది గుర్తుపెట్టుకోవడం మంచిది. కతోలిక గురువు ప్రాణం కాపాడింది ప్రొటెస్టెంట్లు.

1643 క్రిస్మస్‌కు ఫ్రాన్సు తీరం చేరారు. చిరిగిన బట్టలు, చేతులు చూస్తే భయం వేసేలా ఉన్నాయి. 1644 జనవరిలో రెన్ పట్టణంలోని యేసు సభ కాలేజీ తలుపు తట్టారు. కెనడా నుంచి ఎవరో వచ్చారని తెలిసి పై గురువు పరుగున వచ్చి, ఫాదర్ జోగ్ గారు బతికే ఉన్నారా అని అడిగారు. నేనే ఆయన్ను అన్నారు.

ఆ తర్వాత ఇంకో బాధ. దివ్యసత్ప్రసాదాన్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోవాలన్నది ఆనాటి నియమం. ఆయన చేతులు దానికి పనికిరావు. అంటే ఇక పూజ చేయకూడదు. ఎనిమిదో అర్బన్ పోపు గారికి విన్నవించుకుంటే ప్రత్యేక అనుమతి ఇచ్చారు. క్రీస్తు కోసం సాక్షి అయినవాడు క్రీస్తు రక్తాన్ని పానం చేయకుండా ఉండటం తగదు అన్నారట. ఫ్రాన్సు రాణి ఆన్ పిలిపించుకుని ఆ చేతులను ముద్దుపెట్టుకుంది. దేశమంతా ఆయన పేరు మారుమోగింది.

అక్కడితో కథ అయిపోవచ్చు. ఆయనకు ముప్పై ఏడేళ్ళు. ఏదైనా కాలేజీలో సాహిత్యం చెప్పుకుంటూ ప్రశాంతంగా ఉండవచ్చు, ఒక్కరు కూడా తప్పు పట్టరు. ఆయనేమో కొన్ని నెలలు కూడా ఆగకుండా 1644లోనే మళ్ళీ కెనడా ఓడ ఎక్కారు.

1646లో మోహాక్‌లతో శాంతి ఒప్పందానికి దూతగా ఎవరినైనా పంపాలి. వాళ్ళ భాష తెలిసినవాడు జోగ్ గారే. పై అధికారి నుంచి ఉత్తరం వచ్చింది. దానికి ఆయన రాసిన జవాబులో దాచుకోకుండా ఒప్పుకున్నారు, ఉత్తరం తెరవగానే నా గుండె భయంతో పట్టేసింది, జరిగినవన్నీ గుర్తొచ్చి ఈ బలహీనమైన శరీరం వణికింది అని. పునీతుడు భయపడ్డాడు. భయపడ్డానని రాశాడు. అయినా వెళ్తాను అన్నాడు. యువతకు ప్రత్యేకంగా చెప్తున్నాను, టెన్షన్ పడనివాడే ధైర్యవంతుడని ఎవరైనా చెప్తే నమ్మకండి. జోగ్ గారి ఉత్తరం చదవండి.

ఆ వేసవిలో ఆయన వెళ్ళి శాంతి మాటలు జరిపి క్షేమంగా తిరిగి వచ్చారు. మళ్ళీ వస్తాననే గుర్తుగా ఒక పెట్టె అక్కడే వదిలి వచ్చారు. శరత్కాలంలో మూడోసారి బయలుదేరే ముందు ఒక మిత్రుడికి రాసిన మాట లాటినులో ఉంది, ఇబో ఎత్ నోన్ రెదిబో. వెళ్తాను, తిరిగి రాను. ఈలోగా ఆ గ్రామంలో పంట పాడైంది, రోగం వచ్చింది, ఆ పెట్టెలోనే ఏదో చెడు ఉందని కొందరు నమ్మారు. శాంతి కావాలన్న మోహాక్ వంశాలవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట చెల్లేలోపే అంతా అయిపోయింది. అక్టోబరు 18 సాయంత్రం భోజనానికి పిలిచారు, తల వంచి గుమ్మంలోకి అడుగు పెడుతుండగా గొడ్డలి దెబ్బ పడింది. తోడుగా వెళ్ళిన జాన్ ద లలాంద్ మరునాడు చనిపోయాడు. అదే గ్రామంలో పదేళ్ళ తర్వాత, 1656లో, ఒక మోహాక్ ఆడపిల్ల పుట్టింది. కతేరి తెకక్వీత. 2012లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఇంత చెప్పినా నేను ఈ రోజు చెప్పాలని వచ్చింది నిజానికి ఇంకొకరి గురించి. ఎనిమిదిమందిలో అందరికంటే తక్కువ తెలిసిన పేరు. ఫాదర్ నోయెల్ షబనెల్.

1613లో దక్షిణ ఫ్రాన్సులో పుట్టారు. కాలేజీలో అలంకారశాస్త్రం, వక్తృత్వం బోధించే అధ్యాపకులు. అంటే మాటలే ఆయన బతుకు. 1643లో క్యుబెక్ చేరి, మరుసటి ఏడు వెండాట్ల దేశానికి వెళ్ళారు. వెళ్ళాక ఆ భాష ఆయనకు రాలేదు. ఒక ఏడు చూశారు, రెండేళ్ళు చూశారు. నాలుగైదేళ్ళు శ్రమపడ్డా మామూలు విషయాల్లో కూడా ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా మాట్లాడలేకపోయారని ఆయన పై అధికారే రాశారు. తోటి గురువు షార్ల్ గార్నియే వెండాట్లలో ఒకడిలా గలగలా మాట్లాడుతుంటే, ఒకప్పటి వక్తృత్వ అధ్యాపకుడు నోరు తెరవలేక పక్కన కూర్చునేవారు.

భాష ఒక్కటే కాదు. అక్కడి తిండి ఆయన ఒంటికి పడలేదు. చలికాలం నేల మీద పడక, ఇంటినిండా కళ్ళు మండించే పొగ, కుక్కలు, రాత్రింబవళ్ళు మనుషుల సందడి, చదువుకోవడానికి ఒక్క మూల దొరకదు. మిగతా గురువులు అలవాటు పడ్డారు. ఈయన శరీరం అలవాటు పడలేదు. ప్రార్థనలో దొరికే ఊరట కూడా దొరకలేదట, లోపలంతా ఎండిపోయినట్టు ఉండేదట. ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళి నీకు వచ్చిన పని చేసుకో, అక్కడే దేవుని సేవ బాగా చేయగలవు అని మనసు పోరుపెడుతూ ఉండేది. ఆ ఆలోచనలో అన్యాయం ఏముంది? మనలో ఎవరినైనా సలహా అడిగి ఉంటే వెళ్ళిపో నాయనా అనే చెప్పి ఉండేవాళ్ళం.

1647 జూన్ 20, క్రీస్తు దివ్య శరీర రక్తముల పండుగ రోజు. ఆయన దివ్యసత్ప్రసాదం ఎదుట ఒక ప్రమాణం చేశారు. చనిపోయేదాకా ఈ వెండాట్ మిషన్‌లోనే ఉంటాను, పై అధికారులు పొమ్మంటే తప్ప నా అంతట నేను వెళ్ళను అని. ఇష్టం కలిగాక చేసిన ప్రమాణం కాదు ఇది. ఇష్టం కలగదని తెలిసిపోయాక చేసింది.

ఎనిమిదిమందిలో నా గుండెకు అందరికంటే దగ్గరివారు షబనెల్ గారే. బ్రెబెఫ్ గారి ధైర్యానికి ఆయన బలం, తెలివి, ఆ జనంతో ఏర్పడిన చనువు తోడున్నాయి. జోగ్ గారి వెనక దేశమంతా ఉంది. షబనెల్ గారికి ఏ తోడూ లేదు. నేను ఇక్కడ ఉండటం వల్ల ఒక్కరికైనా మేలు జరుగుతోందా అన్న ప్రశ్నకు జవాబు కూడా లేదు. రోజూ పొద్దున్నే లేచి, నిన్న రాని ఆ మాటలను మళ్ళీ వల్లె వేయడం, అంతే.

ఆ చివరి రోజులు త్వరగా చెప్పేస్తాను. 1648 జూలై 4న ఫాదర్ అంత్వాన్ దానియేల్ ఒక వెండాట్ గ్రామం మీద శత్రువుల దాడిలో, జనం పారిపోవడానికి వ్యవధి దొరకాలని తానే దాడి చేసేవాళ్ళకు ఎదురువెళ్ళి చనిపోయారు. 1649 మార్చి 16న బ్రెబెఫ్ గారు, మరునాడు గబ్రియేల్ లాలమాన్ గారు. జూన్‌లో గురువులు తాము పదేళ్ళు కట్టుకున్న సెయింట్ మేరీ కేంద్రానికి తామే నిప్పు పెట్టుకుని, బతికిన జనంతో ఒక దీవికి వెళ్ళారు. ఆ చలికాలం కరువులో వందల కొద్దీ జనం పోయారు. డిసెంబరు 7న గార్నియే గారు తుపాకీ గుండ్లు తగిలి పడిపోయి కూడా, ప్రాణం పోతున్న ఇంకొకరి వైపు పాకుతూ చనిపోయారు. పై అధికారుల ఆజ్ఞ ప్రకారం రెండు రోజుల ముందే ఆ ఊరు విడిచి బయలుదేరిన షబనెల్ గారు 8వ తేదీన నది దగ్గర చనిపోయారు. జ్ఞానస్నానం పొంది విశ్వాసం వదిలేసిన ఒక వెండాట్ మనిషి, నేనే చంపి నదిలో పడేశానని తర్వాత ఒప్పుకున్నాడు. ఆయనకు ముప్పై ఆరేళ్ళు. శరీరం దొరకలేదు.

1650లో మిగిలిన వెండాట్లు సుమారు 300 మంది గురువులతో కలిసి క్యుబెక్ వైపు వెళ్ళిపోయారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ క్యుబెక్ నగరం పక్కన వెండాకే అనే చోట ఉన్నారు. అంటే మనుషుల లెక్క ప్రకారం ఆ మిషన్ ఓడిపోయింది. కట్టినవి కాలిపోయాయి, జనం చెల్లాచెదురయ్యారు. ఆ ఓటమిని తుడిచేసి గెలుపుగా చూపించడం నాకు ఇష్టం లేదు. ఓడిపోతున్నామని తెలిసి కూడా ఆ జనాన్ని వదలకుండా, చివరికి వాళ్ళతోపాటే నడిచి వెళ్ళారు.

ఆడవాళ్ళ పేరు ఒక్కటీ రాలేదని సిస్టర్లు అనుకుంటూ ఉండవచ్చు. క్యుబెక్‌లో 1639 ఆగస్టు 1న దిగిన ఉర్సులిన్ కన్యస్త్రీ మరీ గుయార్. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. పదకొండేళ్ళ కొడుకు క్లాడ్‌ను తన సోదరికి అప్పగించి మఠంలో చేరింది, ఆ కోత జీవితాంతం ఆమెను బాధపెట్టింది. క్యుబెక్‌లో ఆడపిల్లలకు బడి పెట్టింది. నలభై దాటాక నాలుగు స్థానిక భాషలు నేర్చుకుని నిఘంటువులు, ప్రార్థన పుస్తకాలు రాసింది. 1650 డిసెంబరు చలిలో మఠం కాలి బూడిదైతే మళ్ళీ కట్టించింది. 1672లో అక్కడే కన్నుమూసింది. ఫ్రాన్సు మళ్ళీ చూడలేదు. కొడుకు కూడా మఠవాసి అయ్యాడు, తల్లీ కొడుకుల మధ్య ఏళ్ళ తరబడి నడిచిన ఉత్తరాల వల్లే ఈ రోజు మనకు ఆమె కథ తెలుసు. 2014లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఆ ఉత్తరాల మాట మీదే మన ఊరి సంగతికి వస్తాను. కెనడా గురువులు ఏటా రాసి పంపిన నివేదికలు 1632 నుంచి 1673 దాకా పారిస్‌లో అచ్చయ్యేవి. అవి చదివి ఎందరో యువకులు దూరదేశాలకు బయలుదేరారు. తర్వాతి తరంలో అదే ఫ్రెంచి యేసు సభ గురువులు మన తెలుగు నేలకు వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే పుంగనూరులో, ఆ తర్వాత రాయలసీమలోని ఇతర ఊళ్ళలో పనిచేశారు. 1732లో వచ్చిన ఫాదర్ కేర్దూ తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు, తెలుగు నిఘంటువు కూర్చారు. సంస్కృతం, గ్రీకు, లాటిను భాషలకు చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు ఉత్తరం రాశారు. ఇంగ్లీషు భాషా పండితుడు విలియం జోన్స్ ఆ మాట చెప్పడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. 1773లో పోపు గారు యేసు సభనే రద్దు చేశాక కూడా కేర్దూ గారు ఈ దేశం వదలలేదు. 1779లో పుదుచ్చేరిలో చనిపోయారు.

ఇప్పుడు మన మేత్రాసనాల నుంచి గురువులు, సిస్టర్లు అమెరికాకు, యూరప్‌కు వెళ్తున్నారు. అక్కడి మంచు, అక్కడి యాస, ఆదివారం సాయంత్రం ఖాళీ ఇంట్లో ఒంటరితనం, ఇవి వాళ్ళు ఫోన్లో మనకు చెప్పరు. సెలవుల్లో వచ్చినప్పుడు ఏం తెచ్చారని అడగకుండా అక్కడ ఎలా ఉందని అడగండి.

చివరిగా ఒక పని అప్పగించి ముగిస్తాను. బ్రెబెఫ్, జోగ్, షబనెల్ గార్ల గురించి ఇన్ని వివరాలు నేను చెప్పగలుగుతున్నానంటే ఎవరో కూర్చుని రాశారు కాబట్టి. మన పల్లెలకు విశ్వాసం తెచ్చింది విదేశీ గురువులు ఒక్కరే కాదు. ఫాదర్ గారు ఏడాదికి ఒకటి రెండుసార్లు గుర్రం మీదో బండి మీదో వచ్చేవారు. మిగతా రోజులన్నీ జపాలు చెప్పించింది, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పింది, చావు వస్తే సమాధి దగ్గర నిలబడింది ఉపదేశులు. చివతెన్వ లాంటి మనుషులు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు, మీ ఊరికి మొదట వచ్చిన ఉపదేశి ఎవరు, ఆయన భార్య పేరేమిటి, ఏ ఊరి నుంచి నడిచి వచ్చేవారు, మీకు గుర్తున్నంత చెప్పండి. యువత పెద్దల ఇళ్ళకు వెళ్ళి నోటుబుక్కులో రాసుకోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. క్రిస్మస్ లోపల అవన్నీ ఫాదర్ గారికి అందజేస్తే విచారణ పుస్తకాల పక్కన భద్రంగా ఉంటాయి. ఫాదర్ గారు ఒప్పుకున్నారు, బీరువాలో అర కూడా ఖాళీ చేయించారు.